డబ్బా నా తాన్నే ఉంది

చిట్యాల బస్టాండు ఎదురుగా దస్తగిరి రేడియో దుకాణం ఉంది. అక్కడికి పోయి ఏదైనా అడగండి గానీ రిమోట్ సంగతి మాత్రం ఎత్తకండి. రేడియో ఇస్తే బాగు చేస్తాడు. టేప్‌రికార్డరు ఇస్తే, అందులో ఇరుక్కున్న క్యాసెట్టును తిట్టుకుంటూ అయినా సరే, బాగు చేస్తాడు. రిమోట్ అన్నారో, చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి వెనక గదిలోకి పోతాడు, ఆ పూటకు మళ్లీ బయటికి రాడు. కొత్తవాళ్లు పొగరనుకుంటారు. పొగరు ఒకప్పుడు ఉండేది, కాదనను, దండిగానే ఉండేది. ఇప్పుడున్నది వేరే. అదేమిటో అతను నోరు విప్పి చెప్పడు కాబట్టి మనమే చెప్పుకోవాలి.

అతని తండ్రి ఫక్రుద్దీన్ ఆ రోడ్డు మీదే సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. కొడుకు చేతులకు కూడా ఆ గ్రీజు అంటకూడదని పదహారో ఏట పాలమూరు పంపించాడు. అక్కడ రైలుస్టేషను దగ్గర మెహమూద్ ఉస్తాద్ అని రేడియో మెకానిక్ ఉండేవాడు. మనిషి బక్కపలచన, కోపం మాత్రం ముక్కు మీదే. ఏడేళ్లలో ఆయన ఎన్నో నేర్పాడు గానీ, రోజూ చెప్పిన మాట ఒక్కటే. "రోగం చూడకుంట కడుపు కోస్తవారా? ఇప్పేముందు ఒక్కసారి నడిపి చూడు!" ఏ సెట్టు వచ్చినా, ఎంత తెలిసిన జబ్బయినా, స్క్రూ తిప్పకముందు ఒకసారి ఆన్ చేసి చూడాలి. మరిచిపోతే కణుపుల మీద స్కేలు దెబ్బ పడేది. ఆ దెబ్బలతో ఆ మాట దస్తగిరి బుర్రలోంచి దిగి వేళ్లలోకి పోయింది. ఏ వస్తువు చేతికి వచ్చినా బొటనవేలు దానంతట అదే మీటను వెతికేది. మంచి అలవాటే. ఇన్నేళ్లు అన్నం పెట్టిన అలవాటు.

ఎనభై ఒకటిలో చిట్యాలకు తిరిగి వచ్చి దుకాణం పెట్టాడు, జాహేదాను నిఖా చేసుకున్నాడు. జాహేదా మాట తక్కువ మనిషి. అన్న మాట మాత్రం రెండోసారి అనాల్సిన పని ఉండదు. ఆమె మాట వినివుంటే ఈ కథే లేదు.

చిట్యాల దాటి పెద్దరోడ్డు దిగి మూడు మైళ్లు లోపలికి పోతే ఒక ఊరు. పేరెందుకులెండి. ఆ ఊళ్లో జానయ్యకు నాలుగెకరాల బత్తాయి తోట, అందులో ఒక బావి. ఎనభై ఏడు ఎండాకాలంలో ఆయన రేడియో చంకన పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. వార్తలు చదివేవేళకు గరగరమంటోందట. దుకాణంలో పెడితే శుభ్రంగా మాట్లాడింది.

"నీ తాన మంచిగనే మాట్లాడుతది. మా తోటల కూసుంటెనే దీనికి దగ్గు లేస్తది," అన్నాడు జానయ్య.

సరే చూద్దామని దస్తగిరి సైకిలెక్కి తోటకు పోయాడు. దగ్గు మోటరు స్టార్టరు వల్ల వస్తోంది. దాన్ని సరిచేయడం గంట పని. అయితే ఆ గంటలో అతను ఇంకో సంగతి చూశాడు. బావిలో నీళ్లు అడుగుకు పోయేకొద్దీ మోటరును కూడా లోపలి గట్టు మీదికి దింపుకుంటారు ఆ దిక్కున. దాని బోల్టులు బిగించడానికి జానయ్య బావిలోకి దిగబోతూ, ముందు ఒడ్డు మీదున్న స్టార్టరు బోర్డు దగ్గరికి పోయి, తెల్లటి పింగాణీ ఫీజులు మూడింటినీ ఒక్కొక్కటే పీకాడు. భార్య రామమ్మ కొంగు పట్టింది. అందులో వేయగానే గట్టిగా ముడి వేసి బొడ్లో దోపుకుని బావి ఒడ్డున చతికిలబడింది.

"ఒక్కటి పీకినా మోటరు నడవదు గద అన్నా, మూడెందుకు?" అని నవ్వాడు దస్తగిరి.

"మోటరుకు ఒకటి సాలు తమ్మీ. నా పానానికి మూడు గావాలె."

జానయ్య నవ్వలేదు. పక్క ఊళ్లో ఒకతను, కరెంటు రాగానే మోటరు దానంతట అదే తిరిగేటట్టు ఆటో పెట్టుకున్నాడట. కరెంటు లేదు కదా అని ధీమాగా బావిలోకి దిగాడు. దిగినంక కరెంటు వచ్చింది. "గప్పటిసంది మా దిక్కు గిదే కట్టుబాటు. దిగేటోడు ఫీజులు పీకి ఒడ్డు మీదున్న మనిషి చేతిల పెట్టాలె. దిగినోడు పైకొచ్చినంకనే ముడి ఇప్పాలె," అన్నాడు.

"గీ ముడి ఉన్నంతసేపు ఇల్లు కాలుతాంది రమ్మన్నా నేను లేవ," అంది రామమ్మ.

జానయ్య అసలు బాధ రేడియో కాదు. ఇల్లు వాగుకు ఇవతల, బావి అవతల. నడిస్తే పావుగంట. కరెంటుకు వేళాపాళా లేదు. వచ్చిందని పరుగెత్తితే, పోయేసరికి అది పోయి ఉండేది. చీకట్లో మోటరు వేయడానికి పోయి పాము కరిచి చచ్చినవాళ్లు ఊరికి ఒకరైనా ఉన్నారు. "ఆకాశంలకెళ్లి మాటలు తెస్తవు గద తమ్మీ. మా ఇంట్లకెళ్లి మోటరు తిప్పరాదా?" అని జానయ్య అన్నది పరాచికానికే. ఆ మాట మాత్రం దస్తగిరి తలలో తిష్ట వేసింది.

హైదరాబాదు జుమ్మేరాత్ బజార్లో పాత సామాన్ల కుప్పలో అతనికి ఆ డబ్బాలు దొరికాయి. ఆటబొమ్మ విమానాలను నేల మీద నిలబడి నడిపేవి. వెండిరంగు రేకు, పైన రెండు పుల్లలు, లాగితే గజం పొడవు సాగే ఏరియలు. ఒక్కో డబ్బాలో ఒక్కో రంగు పట్టీ చుట్టిన చిన్న క్రిస్టల్ ఉండేది. ఎర్ర పట్టీ డబ్బా మాట అవతల బిగించిన ఎర్ర పట్టీ పెట్టెకే వినిపిస్తుంది, పచ్చ దానికి వినిపించదు. దస్తగిరి పుల్లలు పీకేసి బెల్లు మీటలు రెండు పెట్టాడు, మోటరు వేయడానికి పచ్చది, ఆపడానికి ఎర్రది. ఏడాదిపాటు కుస్తీ పట్టాడు. ఎనభై ఎనిమిది దసరా ముందు, జానయ్య ఇంటి అరుగు మీద నిలబడి నొక్కితే, వాగు అవతల నుంచి రామమ్మ కేక వినిపించింది. "తిరుగుతాంది! ఓ తమ్మీ, తిరుగుతాంది!" ఆ రోజు జానయ్య అతని సైకిలుకు బత్తాయి బస్తా కట్టి పంపాడు. అప్పటి నుంచి రేడియో దస్తగిరి కాస్తా రిమోట్ దస్తగిరి అయ్యాడు.

నిజానికి ఆ పాత డబ్బాలు మొండి గొడ్లు. వాన పడితే పలకవు, ఏరియలు విరిగితే పలకవు, ఎనిమిది బ్యాటరీలు నెలకే తాగేస్తాయి. అందుకే వాటిని ఎవరూ పూర్తిగా నమ్మలేదు. బావిలో దిగాలంటే ఫీజులు పీకడం, కొంగున కట్టడం మామూలుగానే జరిగేది. పనికిమాలిన వస్తువు వల్ల ఎవరికీ ఏమీ కాలేదు చూశారా! అది బాగుపడిన తర్వాతే వచ్చింది ముప్పు.

తొంభై ఏడులో కోఠి దుకాణంవాడు ఒకడు అతనికి కొత్త సరుకు చూపించాడు. కార్ల అలారాల్లో వాడే వైర్‌లెస్ మాడ్యూలు. అగ్గిపెట్టె అంత లేదు. ఒక్క చిన్న బ్యాటరీతో నడుస్తుంది. చెయ్యి చాచినంత తీగ తగిలిస్తే పొలాలు దాటి పలుకుతుంది. దస్తగిరి కళ్లు మెరిశాయి. పాత డబ్బాల లోపలి పేగులన్నీ తీసిపారేసి, ఆ రేకు పెట్టెల్లోనే ఈ కొత్తవాటిని కూర్చోబెట్టాలని అక్కడే నిర్ణయించుకున్నాడు.

"గీ ఎనిమిది చుక్కలు చూసినవా?" అని దుకాణంవాడు మాడ్యూలు పక్కనున్న బోర్డు తిప్పి చూపించాడు. "ఇవన్నీ ఒకటే తీరుగ మాట్లాడుతయి, పాతవాటి లెక్క రంగులు లేవు. ఒక్కో సెట్టుకు ఒక్కో తీరుగ గీ చుక్కల మీద సోల్డరు పెట్టాలె. లేకుంటె ఒకని డబ్బా నొక్కితె ఇంకొకని మోటరు లేస్తది."

చెప్పలేదని అనడానికి లేదు. చెప్పాడు. దస్తగిరి విన్నాడు కూడా.

పాత డబ్బాలు అటూ ఇటూ పోగేసి పదకొండు సెట్లు కట్టాడు. పదకొండింట్లో ఒక్కదానికీ సోల్డరు పెట్టలేదు. మరిచిపోయి కాదు, తెలివి ఎక్కువై. ఒకరి డబ్బా చెడిపోతే బాగయ్యేదాకా తోట ఎండిపోవాలా? అన్నీ ఒకే తీరుగా ఉంటే తన దగ్గరున్న పన్నెండోది చేతిలో పెట్టి పంపొచ్చు. రెండు మోటర్లు ఒకేసారి లేస్తే కొంపలేం మునగవు, కరెంటు వచ్చినప్పుడు ఎలాగూ అందరూ వేస్తారు కదా అనుకున్నాడు. పదకొండు ఇళ్లకు ఒకే తాళంచెవి చేసినట్టు చేశాడు. పైగా అది తన ఘనతే అనుకున్నాడు. పదకొండింట్లో ఏడు జానయ్య ఊళ్లోనే పక్కపక్క చేన్లకు పోయాయి.

జానయ్య తోటలో కొత్త డబ్బా పెట్టిన రోజు, బావిలో పైపు చివరనుండే ఫుట్‌వాల్వు చూడాలని జానయ్య దిగబోయాడు. ఎప్పటిలాగే ఆయన పీకిన ఫీజులను రామమ్మ కొంగున కట్టింది. దస్తగిరి పకపక నవ్వాడు.

"ఇంకా గీ తిప్పలెందుకు వదినె? ఊకె పీకి పెట్టి, పీకి పెట్టి ఫీజు పట్టు వదులైంది సూడు. నిప్పులు రాలుతున్నయి. గీ డబ్బా నొక్కితెనే మోటరు తిరుగుతది. డబ్బా అన్న మెడల ఏస్కొని దిగితె ఇంకెవరు నొక్కుతరు?"

రామమ్మ ముడి మీద చెయ్యి పెట్టుకుని భర్త వైపు చూసింది. "ఏందయ్యా?"

"చేసినోడే చెప్తుండు గదనే. ఆయనకు తెల్వదా?" అన్నాడు జానయ్య.

ఆమె ముడి విప్పింది. ఫీజులు తిరిగి పెట్టేటప్పుడు ఒకటి సరిగా కూర్చోలేదు. దస్తగిరే పోయి అరచేత్తో ఒక్క దెబ్బ వేసి లోపలికి దింపాడు. జానయ్య నులక తాడు కట్టి డబ్బాను మెడలో వేసుకుని దిగాడు. లోపలి నుంచి నవ్వుతూ కేకేశాడు. "డబ్బా నా తాన్నే ఉంది! ఇగ యముడొచ్చినా నొక్కలేడు!"

ఆ మాట ఊళ్లో పాకింది. మూడు నెలలు తిరక్కుండానే ఏ బావి దగ్గర చూసినా అదే కత. దిగేవాడు డబ్బా మెడలో వేసుకుంటాడు, ఒడ్డు మీద ఆడమనిషి తన పనిలో తాను కలుపు తీసుకుంటూ ఉంటుంది, లోపలి నుంచి "డబ్బా నా తాన్నే ఉంది" అని కేక. మోటరు దానంతట అది లేచినా, ఆగినా కరెంటు వచ్చిపోయిందనే అనుకునేవాళ్లు. ఇన్నేళ్ల కట్టుబాటు ఒక్క మాటతో పోయింది. పోగొట్టినవాడు సైకిలు మీద పోతూ ఆ కేక విని మురిసిపోయేవాడు. ఎంత సిగ్గులేని మురిపెం!

తొంభై ఎనిమిది శివరాత్రి పోయిన వారానికి సోమమ్మ దుకాణానికి వచ్చింది. జానయ్య తోటను ఆనుకునే ఆమె చెలక. భర్త లేడు, ఒంటిచేత్తో సాగు చేసుకునే మనిషి. బస్సు దిగి నేరుగా వచ్చి బల్ల మీద రెండు చేతులూ పెట్టింది.

"దస్తగిరీ, నా మోటరుకు ఏదో పట్టింది. డబ్బా ఇంట్ల గోడ మొలకు ఏలాడదీసిన. నేను చేన్ల ఉన్న. దానంతట అదే లేసింది. ఒక్కసారి గాదు, మూడుసార్లు. నిమ్మకాయ గట్టిన, మిరపకాయలు గట్టిన. రాత్రి నిద్ర పడుతలేదు నాయినా."

వినీ వినగానే దస్తగిరికి తెలిసిపోయింది. ఎవరో నొక్కారు, ఈమెది లేచింది. నోటి దాకా వచ్చింది కూడా. ఎదురుగా బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు, ఒకతను రిమోట్ కోసమే నార్కట్‌పల్లి నుంచి వచ్చిన కొత్త బేరం. "వోల్టేజి ఎచ్చుతక్కువైతే గట్లనే అయితది సోమక్కా. ఫికర్ జెయ్యకు. నేనొచ్చి సూస్త," అన్నాడు. దయ్యం కాదని ఆమెకు ధైర్యం వచ్చింది. దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఉండగా అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. సోమమ్మ మోటరు దానంతట అది లేచింది. అప్పుడు ఆ బావిలో మనిషి ఉంటే? మెడలో డబ్బా వేసుకుని, ఫీజులు పీకకుండా, ధీమాగా మోటరు తీగలు పట్టుకుని ఉంటే? రెండు సంగతులూ వేరువేరుగా అతనికి ఎప్పటి నుంచో తెలుసు. కలిపి చూడటం ఇప్పుడే. కంచం పక్కకు నెట్టాడు.

జాహేదా నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. "క్యాజీ, ఏమైంది?"

ఆమెకు చెప్పాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూలోనే. ఆమె అంతా విని లేచి నిలబడింది. "పొద్దున్నే మొదటి బస్సుకు పో. ముందు నోటితో చెప్పు, తర్వాత చేత్తో బాగు చెయ్. ఫీజులు పీకండని ఊరంతా చెప్పిన తర్వాతే డబ్బాలు ముట్టుకో," అంది.

మొదటి బస్సు పోయింది. ఆ వారం బస్సులన్నీ పోయాయి. ఒకరోజు దుకాణంలో పని, ఒకరోజు జ్వరం, ఒకరోజు సోల్డరు తీగ అయిపోయిందని సాకు. అసలు సంగతి ఇది. పోయి ఏమని చెప్పాలి? పదకొండు ఇళ్ల ముందు నిలబడి, "నేనే తప్పు చేసిన, తెలిసే చేసిన" అని చెప్పాలా? రిమోట్ దస్తగిరి అన్న పేరు ఏమవుతుంది? మింగలేడు, కక్కలేడు. రాత్రుళ్లు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. జాహేదా అడగడం మానేసి అతని వైపు చూడటం మొదలుపెట్టింది. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఒకసారి ధైర్యం చేసి ఊరిదాకా పోయాడు. దారిలో భిక్షపతి బావి దగ్గర జనం. భిక్షపతి, అతని తమ్ముడు ఇద్దరూ లోపల గట్టు మీద మోటరు విప్పుకుంటున్నారు. భిక్షపతి మెడలో డబ్బా. బోర్డులో ఫీజులు మూడూ తెల్లగా పళ్లలా కనిపిస్తున్నాయి. దస్తగిరి సైకిలు పడేసి బోర్డుకు అడ్డంగా నిలబడ్డాడు. చుట్టూ చేన్లలో ఎవరో ఒకరు ఈ క్షణమే డబ్బా తీస్తారేమో, పచ్చమీట మీద వేలు పెడతారేమో అని నాలుగు దిక్కులా చూస్తూ, అరగంట అట్లాగే నిలబడ్డాడు. చెయ్యి చాస్తే ఫీజులు అందుతాయి. పీకితే ఎందుకని అడుగుతారు. అల్లా, వీళ్లను పైకి పంపించు, రేపే అంతా చెప్పేస్తానని మనసులో మొక్కుకున్నాడు. ఇద్దరూ పైకి వచ్చారు.

"గంత చెమట పట్టిందేంది దస్తగిరీ? ఎండ తగిలిందా?" అన్నాడు భిక్షపతి.

"ఆఁ, ఎండనే," అన్నాడు. ఆ రోజు కూడా చెప్పకుండానే తిరిగి వచ్చాడు.

ఇంకో పది రోజులకు ఒక మార్గం తోచింది. ఎవరికీ చెప్పనక్కర్లేదు. సర్వీసింగ్ అని చెప్పి, ఇంటింటికీ పోయి డబ్బాలు విప్పి, గుట్టుచప్పుడు కాకుండా చుక్కల మీద సోల్డరు పెట్టేస్తే సరి. ఒక్క రోజులో ఏడూ అయిపోతాయి. పేరూ నిలుస్తుంది, ప్రాణాలూ నిలుస్తాయి. సంచీ సర్దుకుంటుంటే జాహేదా గుమ్మంలో నిలబడింది.

"ముందు చెప్తావు కదూ?"

"చెప్తాలే," అన్నాడు చెప్పుల్లో కాళ్లు పెడుతూ.

బస్సు దిగి లోపలికి నడిస్తే ముందు తగిలేది సోమమ్మ చెలక. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. ఆ వారం పొలాలకు కరెంటు పగటిపూట. సోమమ్మ ఎదురొచ్చి, వచ్చినవా నాయినా అని మంచం వాల్చింది, చల్ల తెచ్చి ఇచ్చింది. దస్తగిరి సోల్డరు కడ్డీని స్టార్టరు పెట్టె ప్లగ్గుకు తగిలించి వేడెక్కనిచ్చాడు. సోమమ్మ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది.

పక్క తోటలో ఎవరైనా బావిలో ఉన్నారా అని ఒక్క మాట అడిగితే ఆమె చెప్పేది. పొద్దున్నే జానయ్య మోటరు దగ్గర తీగ మాడిన వాసన వస్తోందని అనుకుంటూ పోవడం ఆమె చూసింది. అతను అడగలేదు. పెట్టుకున్న దొంగపని హడావిడిలో ఉన్నాడు. స్క్రూడ్రైవరు కుడిచేతిలో ఉంది, డబ్బా ఎడమచేతిలో ఉంది. విప్పేముందు ఒకసారి నడిపి చూడాలి. ఉస్తాద్ స్కేలు దెబ్బలు తిన్న బొటనవేలు, అతన్ని అడగకుండానే, పచ్చమీట నొక్కింది.

సోమమ్మ మోటరు లేచింది. పైపులోంచి నీళ్లు దూకాయి.

"సూసినవా, ఇప్పుడు మంచిగనే లేసింది," అంది సోమమ్మ.

దస్తగిరి వినడం లేదు. ఇంకో చప్పుడు వింటున్నాడు. కంచె అవతల నుంచి, జానయ్య బావి వైపు నుంచి. అది మోటరు తిరిగే చప్పుడు కాదు. మూలుగు. మూడు తీగల్లో రెండే తగిలి ఒకటి తగలనప్పుడు మోటరు తిరగలేక అట్లా మూలుగుతుంది. ఆ మూడో తీగ ఎవరి చేతిలో ఉందో అతనికి అప్పుడే తెలిసింది. ఆ వెంటనే రామమ్మ అరుపు వినిపించింది.

కంచె ఎట్లా దాటాడో తెలియదు. ముళ్లకు చొక్కా చిరిగింది, ఒక చెప్పు పోయింది. జానయ్య బావి దగ్గరికి చేరేసరికి రామమ్మ ఒడ్డు మీద మోకాళ్ల మీద కూలబడి లోపలికి చేతులు చాస్తోంది. ఆమె పక్కన చుట్టి పెట్టిన నల్ల టేపు, ఇంకా జానయ్యకు అందించనిది. కింద గట్టు మీద మోటరు మూలుగుతూనే ఉంది. జానయ్య దాని మీదికి ఒరిగి ఉన్నాడు, కాళ్లు నీళ్లలో ఉన్నాయి. ఒళ్లు సన్నగా అదురుతోంది. అరుపు విని గొర్ల దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చిన యాదగిరి, కర్ర పారేసి అప్పుడే మెట్ల మీద కాలు పెట్టాడు. ఇంకో రెండు మెట్లు దిగితే అతని ప్రాణమూ అంతే.

"దిగకు!" అని దస్తగిరి గొంతు చించుకుని అరిచాడు. అప్పుడు తెలిసింది, సోమమ్మ డబ్బా ఇంకా తన ఎడమచేతిలోనే ఉందని.

ఎర్రమీట నొక్కాడు. జానయ్య మోటరు ఆగిపోయింది.

జానయ్య దేహం మోటరు మీద నుంచి జారి, మెల్లగా మెట్టు మీదికి వాలింది. అదురు లేదు. మెడలో నులక తాడు, తాడుకు డబ్బా. తడి కూడా తగల్లేదు దానికి.

రామమ్మ లోపలికి చూసింది. భర్త మెడలోని డబ్బాను చూసింది. తల తిప్పి దస్తగిరి చేతిలోని డబ్బాను చూసింది. యాదగిరికి ఏమీ అర్థం కాలేదు. కరెంటోళ్లను తిట్టడం మొదలుపెట్టాడు. వెనకే రొప్పుతూ వచ్చిన సోమమ్మ, "నేను చెప్పలే! నా బావిల లేసిందే గీ బావికీ వచ్చింది, దయ్యమే!" అని నెత్తి కొట్టుకుంది. ఊరు ఊరంతా నమ్మడానికి సిద్ధంగా ఉన్న మాటలు అవి. దస్తగిరి ఒక్క తల ఊపితే చాలు, ఆ మాటే నిలిచేది.

"గది ఎవరి డబ్బా తమ్మీ?" అంది రామమ్మ.

"సోమక్కది."

"ఆమె డబ్బాకు మా మోటరు ఎట్ల ఆగింది?"

దస్తగిరి ఆమె ముందు మట్టిలో కూలబడ్డాడు. "అన్నీ ఒకటే తీరుగ చేసిన వదినె. ఎవ్వలది నొక్కినా అందరియి లేస్తయి. నాకు నెలసంది ఎర్కే. చెప్పలేదు. ఇప్పుడు నొక్కింది గూడ నేనే. నేనే సంపిన వదినె." చెప్పడం మొదలైతే ఆగలేదు. ఏడుస్తూ, ఎనిమిది చుక్కల సంగతి, సోమమ్మకు చెప్పిన అబద్ధం, భిక్షపతి బావి దగ్గర నిలబడ్డ అరగంట, అన్నీ కక్కేశాడు. ఆ మాటలు నెల ముందు అని ఉంటే ఒక మనిషి బతికేవాడు. యాదగిరి తిట్టడం మానేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సోమమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను దిగి తీసుకొస్త," అని దస్తగిరి లేచాడు. సోమమ్మ డబ్బాను మట్టిలో పడేసి మెట్ల వైపు నడిచాడు. తన వెనక ఎవరైనా రాయి తీసుకుని వేసినా, ఆ బావిలోకే తోసినా అతను కాదనేవాడు కాదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఆగు," అంది రామమ్మ.

ఆమె లేచి, గుంజ పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, స్టార్టరు బోర్డు దగ్గరికి పోయింది. మొదటి ఫీజు పీకింది. రెండోది పీకింది. మూడోది గట్టిగా బిగిసిపోయి ఉంది. అప్పుడు దస్తగిరి అరచేత్తో కొట్టి దింపింది అదే. రెండు చేతులతో అటూ ఇటూ ఊపి ఊపి దాన్ని కూడా ఊడబెరికింది. గోరు లేచి రక్తం వచ్చింది, చూసుకోలేదు. మూడింటినీ కొంగులో వేసి ముడి వేసింది. ముడి మీద ఇంకో ముడి వేసి బొడ్లో దోపుకుంది. బావి ఒడ్డుకు వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చుంది.

"ఇగ దిగు తమ్మీ," అంది.